శనివారం కోసం కట్టిన తాడు

నా రిటైర్మెంటు ఇంకా మూడేళ్ళు ఉందనగా, ఒక ఏప్రిల్ మొదటి వారంలో, నన్ను డెప్యుటేషన్ మీద గురుగ్రామ్‌కు వేశారు. కేంద్ర ప్రభుత్వంలో ఎలక్ట్రికల్ ఇంజనీరుగా నా సర్వీసంతా అప్పటికి భవనాల లోపలి వైరింగు, లిఫ్టులు, జనరేటర్ల మధ్యనే గడిచింది. ఇప్పుడు అప్పగించినవి వీధిదీపాలు. కార్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. కొన్ని సెక్టార్లలో దీపస్తంభాలు, వాటి కేబుళ్ళు, స్విచ్చు పెట్టెలు మా విభాగం చేతిలో ఉండేవి. నా హోదా ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు. హర్యానాలో దాన్ని ‘ఎక్సియన్’ అంటారు. మొదటి వారం రోజులూ ‘ఎక్సియన్ సాబ్’ అని ఎవరైనా పిలిస్తే, నా వెనక ఇంకెవరో ఉన్నారనుకుని తిరిగి చూసేవాణ్ణి.

ఇల్లు మాత్రం మయూర్ విహార్‌లోనే ఉంచుకున్నాం. పొద్దున్నే మెట్రో ఎక్కి, యమున దాటి, ఢిల్లీని ఈ కొస నుంచి ఆ కొస దాకా కొలుచుకుంటూ వెళ్ళేవాణ్ణి. సీటు దొరికిన రోజు ఆఫీసులో నా స్వభావం కాస్త మెత్తగా ఉండేదని మావాళ్ళు చెప్పుకునేవారట.

వీధిదీపాల ఇంజనీరుకు దీపాలతో వచ్చే తలనొప్పి తక్కువ, స్తంభాలతో వచ్చేది ఎక్కువ. స్తంభం కనబడితే చాలు, ఊళ్ళో ప్రతివాడికీ దానికి ఏదో ఒకటి కట్టాలనిపిస్తుంది. కేబుల్ టీవీవాడు, ఇంటర్నెట్‌వాడు, కోచింగ్ సెంటర్ బ్యానరు, రాత్రంతా భజనలు చేసే జాగరణ్ పందిరి, ఎన్నికల జెండా. రూలు ప్రకారం ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు రాతపూర్వకంగా అనుమతిస్తే తప్ప స్తంభానికి దారం కూడా కట్టకూడదు. స్తంభం మోయగలిగే బరువు, తీగ ఎత్తు, వానాకాలంలో కరెంటు లీకయ్యే ప్రమాదం, ఇవన్నీ చూసి గాని అనుమతి ఇవ్వరాదు. నేను చేరిన నెలలోనే అనుమతి లేని తీగలన్నీ కోయించాను. కేబులువాళ్ళ పాలిట శనిగాడినని పేరు వచ్చింది. ఆ పేరుకు నేనేమీ బాధపడలేదు.

మే నెలలో ఒకరోజు మా ఎస్‌డీఓ తిరుపతి నా గదిలోకి వచ్చాడు. ఎస్‌డీఓ అంటే నా కింద ఒక సబ్ డివిజన్ చూసుకునే అధికారి. కరీంనగర్ మనిషి. ఢిల్లీలో చాలా ఏళ్ళుగా ఉన్నా భాషలో ఒక్క అక్షరం కూడా పోగొట్టుకోలేదు, పైగా హిందీ కొంత కలుపుకున్నాడు.

“సార్, ఎవలో తెల్లాయన అచ్చిండు. నల్లకోటు, నల్లటోపీ, ఇంత గడ్డం. గీ ఎండల ఆయన్ని సూస్తెనే నాకు చెమటలు పడుతున్నయ్. మన పోల్‌లకు తాడు గట్టుకుంటడట. ఎందుకయ్యా అంటె శనివారం కోసం అంటడు. నాకైతే సమజ్ కాలే.”

శనివారమంటే మనకు తెలిసింది ఒకటి వెంకన్న, రెండు శని. లోపలికి పంపమన్నాను.

వచ్చినాయన పేరు రబ్బీ హెర్ష్. నలభై లోపే ఉంటాయి గాని గడ్డం వల్ల పెద్దవాడిలా కనిపించాడు. చెవుల పక్కన జుట్టు మెలికలు తిరిగి వేలాడుతోంది. కోటు తీసేస్తే బాగుంటుందేమో అన్నాను. కెనడాలో చలికి కోటు తీయలేదు, ఇక్కడ వేడికి తీస్తే కోటు నొచ్చుకుంటుంది అన్నాడు. మాట్లాడింది ఇంగ్లీషే అయినా మధ్యమధ్య ‘అచ్ఛా’, ‘ఠీక్ హై’ పడుతున్నాయి. కూరగాయల బండి దగ్గర నేర్చుకున్న హిందీ అని తర్వాత తెలిసింది.

ఆయన సంగతి అప్పుడు కొంతా తర్వాత కొంతా విన్నది ఇది. రబ్బీ అంటే యూదులకు గురువు, ధర్మశాస్త్రం తెలిసినవాడు. హసీదులు ఆ మతంలో ఒక భక్తిమార్గం వారు. వాళ్ళ పెద్దలు తూర్పు యూరప్‌లోని చిన్న చిన్న ఊళ్ళ నుంచి వచ్చారు. ఆ వేషం అక్కడిదే. ఈయన ముత్తాత అలాంటి ఒక ఊరు వదిలి కెనడా చేరాడు. ఈయన అక్కడే పుట్టి, గురుకులం వంటి చోట చదివి, పెళ్ళి చేసుకుని, ఎక్కడికి వెళ్ళమంటారని తన గురువును అడిగాడట. ఎక్కడ ఎవరూ వెళ్ళనంటున్నారో అక్కడికి వెళ్ళమన్నాడట ఆ గురువు. అలా భార్య రివ్కాతో న్యూఢిల్లీ రైల్వే స్టేషను దగ్గరి సందుల్లోకి వచ్చిపడ్డాడు. సంచులు తగిలించుకుని దేశం చూడ్డానికొచ్చే కుర్రాళ్ళకు శుక్రవారం సాయంత్రం ఇంత ప్రార్థన, ఇంత భోజనం పెట్టడంతో పని మొదలైంది. తర్వాత గురుగ్రామ్‌లో బిందు సేద్యం కంపెనీ ఒకటి, సాఫ్ట్‌వేర్ కంపెనీలు కొన్ని తమ దేశాల నుంచి యూదు ఇంజనీర్లను కుటుంబాలతో తెచ్చాయి. వాళ్ళకు గురువు కావాలి. ఈయన మూటాముల్లె సర్దుకుని గురుగ్రామ్ చేరాడు.

వచ్చినవాళ్ళలో ఇజ్రాయెల్ వాళ్ళు, ఫ్రాన్సు వాళ్ళు, అర్జెంటీనా వాళ్ళు ఉన్నారు. నిష్ఠగా ఉండేవాళ్ళు సగం, పండగకు తప్ప కనిపించనివాళ్ళు సగం. ప్రార్థన ఎవరి రాగంలో పాడాలన్న దగ్గర మొదలై కూరలో కారం దాకా గొడవలేనట. ఢిల్లీలో ఉగాది భోజనం దగ్గర మన తెలుగు సంఘాల తీరు చూసినవాణ్ణి కాబట్టి నాకు విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది. పెళ్ళి, చావు, పిల్లల చదువు, అన్నిటికీ ఆయనే. వాళ్ళ నియమం ప్రకారం పాలు పితికేటప్పుడు తమవాడొకడు చూస్తూ ఉండాలి. అందుకని తెల్లవారుజామునే సోహనా రోడ్డు దాటి ఒక పల్లెకు వెళ్ళి, గేదెల కొట్టం ముందు ఆ నల్లకోటుతోనే నిలబడేవాడు. ఆ ఊరివాళ్ళు ఆయన్ని ‘దూద్ వాలే బాబా’, అంటే పాలబాబా, అనేవారు.

ఇక ఆయన అడిగినది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చుక్కలు పొడిచేదాకా వాళ్ళకు విశ్రాంతి దినం. చేయకూడని పనుల్లో ఒకటి, ఇంటి లోపలి నుంచి వీధిలోకి గాని, వీధిలో గాని ఏ వస్తువైనా మోయడం. జేబులో రుమాలు కూడా పనికిరాదు. ఇంటి తాళంచెవిని బెల్టుకు బకిల్‌లాగా బిగించుకుని వెళతారట. నడక రాని బిడ్డ కూడా బరువు కిందే లెక్క. ఎత్తుకోకూడదు, బండిలో తొయ్యకూడదు. అంటే చంటిపిల్లల తల్లులు ఆ రోజంతా ఇంట్లోనే. అయితే ఒక ప్రాంతం చుట్టూ స్తంభాలు నిలిపి, వాటి మీదుగా తాడు కట్టి, ఎక్కడా తెగకుండా కలిపితే, శాస్త్ర ప్రకారం ఆ ప్రాంతమంతా ఒకే ఇల్లవుతుంది. అప్పుడు లోపల ఏదైనా మోయవచ్చు. ఆయన ఇల్లు, వారిలో చాలామంది ఇళ్ళు, నాలుగు వీధుల్లోనే ఉన్నాయి. ఆ నాలుగు వీధుల చుట్టూ స్తంభాలు ఎటూ ఉన్నాయి. అవి మావి.

దేవుడికి అది ఉత్త తాడని తెలియదా అని అడిగాను. ఆయన కోపగించుకోలేదు. “నియమం రాసినవాడే దారి కూడా రాశాడు. ఆ దారి వాడుకోకపోవడం భక్తి కాదు, బద్ధకం” అన్నాడు. మా నాయనమ్మ గుర్తొచ్చింది. తడిపి ఆరేసిన మడిచీరను ఎవరైనా ముట్టుకుంటే ఇల్లు పీకి పందిరేసేది. పట్టుచీరకు మాత్రం ఆ పట్టింపు లేదు. ఎందుకని అడిగితే, పట్టుకు మైల అంటదురా అనేది తేలిగ్గా. నియమం ఉన్న చోట వెసులుబాటు కూడా ఉంటుంది. రెండూ ఒకే పెద్దమనుషులు పెట్టినవే.

నేను ఇంకా తటపటాయిస్తుంటే అప్పుడు చెప్పాడు అసలు సంగతి. తామార్ అనే అమ్మాయి. భర్త నోయమ్ బిందు సేద్యం కంపెనీలో ఇంజనీరు. వాళ్ళు ఒక ఇంటి రెండో అంతస్తులో ఉంటారు. చలికాలంలో కవలలు పుట్టారు. వారమంతా భర్త ఫీల్డులో తిరుగుతాడు. ఆమెకు హిందీ రాదు, ఇరుగుపొరుగుతో మాటల్లేవు. తనవాళ్ళందరూ ఒకచోట చేరేది శనివారమే. ఆ ఒక్క రోజే ఆమె ఇద్దరు పసివాళ్ళతో నాలుగు గోడల మధ్య ఉండిపోతోంది. కాన్పు తర్వాత మనసు బాగాలేదని డాక్టరు కూడా చెప్పాడు. దసరా రోజుల్లో వచ్చే తమ పండగలు కాగానే పుట్టింటికి వెళ్ళిపోతానంటోంది. ఆమె వెళితే భర్తా వెళతాడు. వాళ్ళ సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్ళు ఉండి తీరాలి, ఆయన దగ్గర ఉన్నది ఆ పదిమందే.

కాబట్టి మీకు పదోవాడు కావాలి, అంతేనా అన్నాను, కొంచెం మొరటుగానే. అదీ ఉంది అని ఒప్పుకున్నాడు. కాని ఆ అమ్మాయిని ఇక్కడికి రమ్మని, భయం లేదు నేనున్నానని ఫోనులో చెప్పినవాణ్ణి నేనే అన్నాడు.

ఫైలు పెట్టాను. పై అధికారి సూపరింటెండింగ్ ఇంజనీరు ఒక్క ప్రశ్న రాశాడు: ఇది మతపరమైన కట్టడమా? పెన్సిలు కన్నా సన్నని నైలాన్ తాడు, కరెంటు లేదు, బోర్డు లేదు, గుర్తు లేదు, నేల మీద జానెడు జాగా ఆక్రమించదు, మేం తీసెయ్యమన్న రోజున తీసేస్తామని హామీ ఇస్తున్నారు అని జవాబు రాశాను. ఆ తర్వాత కాలనీ సంఘం అధ్యక్షురాలు, ఒక పంజాబీ ఆంటీ, ఆఫీసుకు వచ్చింది. తాడు కట్టి రేపు లోపలి స్థలమంతా మాదే అంటే ఎవరిది పూచీ అని నిలదీసింది. రబ్బీనే ఆవిడ ఇంటికి పంపాను. ఆయన తాడు సంగతంతా చెప్పాక ఆవిడ, కర్వా చౌత్ ఉపవాసం నాడు నేను చంద్రుణ్ణి జల్లెడలోంచే చూస్తాను, ఎందుకని నన్నెవరూ అడగలేదు అని, సంతకం పెట్టి పంపిందట.

ఇదంతా అయ్యేసరికి వానలు వెనకబట్టాయి. పండగలూ అయిపోయాయి. తామార్ తర్వాతి బుధవారానికి టిక్కెట్టు కొనుక్కుందని తెలిసింది. శుక్రవారంలోగా తాడు సిద్ధమైతే ఒక్క శనివారమైనా బయటికొచ్చి చూస్తుంది, చూస్తే ఉండిపోవచ్చు అన్నది రబ్బీ ఆశ. పని మా లైన్‌మన్ రాజ్‌బీర్‌కు అప్పగించాను. రోహ్‌తక్ వైపు మనిషి, మాటకు దురుసు, పనికి నాణెం. గురువారం సాయంత్రానికి తాడు కట్టడం పూర్తయింది. ఒక్క మూల మలుపు దగ్గర తప్ప, ప్రతి స్తంభం పక్కనా ఒకే ఎత్తున క్లాంపు బిగించి, దానికి తాడు చుట్టి, ఎక్కడా వేలాడకుండా లాగి కట్టాడు. నేను వెళ్ళి చూశాను, నాకు ముచ్చటేసింది. ఇంత శుభ్రంగా మా కరెంటు తీగలు కూడా లేవు.

శుక్రవారం మధ్యాహ్నం తిరుపతి ఫోను చేశాడు. “సార్, జర జల్ది రండ్రి. ఆయన మొత్తం ఒక సుట్టు తిరిగిండు. తిరిగి పార్కు గోడ మీద కూసున్నడు. మాట్లాడ్తలేడు. రాజ్‌బీర్‌కు కోపమస్తున్నది.”

వెళ్ళేసరికి రబ్బీ టోపీ తీసి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. తాడు చెల్లదు అన్నాడు. తెగలేదు, వదులు లేదు, ఎత్తు తక్కువ కాదు, మరెందుకు చెల్లదన్నాను. తాడు స్తంభానికి పక్కన ఉంది, పైన ఉండాలి అన్నాడు. నాకు అర్థం కాలేదు. అప్పుడు ఆయన చేతులు రెండూ నిలువుగా పెట్టి చూపించాడు. ఇది కంచె కాదు సార్, గుమ్మాల వరస. రెండు స్తంభాలు రెండు నిలువు కమ్ములు, తాడు పైకమ్మి. పైకమ్మి కమ్ముల మీద కూర్చుంటేనే గుమ్మం అన్నాడు.

అప్పుడు వెలిగింది. మన ద్వారబంధానికైనా పైకమ్మిని నిలువు కమ్ముల పక్కన మేకు కొట్టి వేలాడదీస్తే వడ్రంగిని తిడతాం గాని గుమ్మం అనం. లైన్‌మన్‌కు ఆ లెక్క వేరు. ముప్పై ఏళ్ళుగా తీగను స్తంభం పక్కనే కట్టినవాడు, స్తంభం నెత్తిన తీగ పెట్టమంటే నవ్వుతాడు. మేం గీసిన డ్రాయింగు పైనుంచి చూసినట్టు గీసింది. కాగితం మీద స్తంభం ఒక చుక్క, తాడు ఒక గీత. పక్కనా పైనా అన్న తేడా అందులో కనిపించదు. ఆయన చూసి సరే అన్నాడు, మేం చూసి సరే అన్నాం. ఎవరి బుర్రలో ఉన్న తాడు వారిది.

రాజ్‌బీర్ నా దగ్గరికొచ్చి, కింద నుంచి చూస్తే ఎవడికి తెలుస్తుంది సాబ్, బాబాను ఈ ఒక్క వారానికి ఠీక్ హై అనమనండి, సోమవారం నేను సరిచేస్తాను అన్నాడు. నాకూ అందులో తప్పు కనిపించలేదు. టిక్కెట్టు బుధవారానికి ఉంది. ఆ మాటే రబ్బీతో అన్నాను.

ఆయన తల ఎత్తి తాడు చూశాడు. “వాళ్ళెవరూ తల ఎత్తి చూడరు సార్. నేను చూశానని నమ్మి బిడ్డను ఎత్తుకుంటారు. అందుకే అనలేను” అన్నాడు. ఆ పూట ఆ మనిషి మీద నాకు జాలీ వేసింది, విసుగూ వేసింది.

సూర్యాస్తమయానికి ఇంకా వ్యవధి ఉంది. స్తంభం ఇనుపదే అయి ఉండాలా అని అడిగాను. అక్కర్లేదు, ఏదైనా సరే, నేల నుంచి నడుము దాటే ఎత్తున నిలువుగా ఉండి, తాడుకు సరిగ్గా కింద ఉంటే చాలన్నాడు. అయితే స్తంభాన్ని వదిలేద్దాం అన్నాను. మా స్టోరులో వైరింగుకు వాడే ప్లాస్టిక్ గొట్టాలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిని ముక్కలు కోసి, ప్రతి స్తంభానికీ ఆనించి, సరిగ్గా తాడు కింద నిలబెట్టి క్లాంపులు బిగిస్తే అదే నిలువు కమ్మి. రబ్బీ లేచి టోపీ పెట్టుకున్నాడు. తాపీవాళ్ళు గోడ నిలువు చూసే గుండు ఒకటి తెప్పించాం, ఇక్కడ దాన్ని సాహుల్ అంటారు. నిచ్చెన మీద నుంచి తాడుకు ఆనించి గుండు వదలడం, గుండు చూపిన చోట గొట్టం బిగించడం. ఒక్కో స్తంభం దగ్గరా రబ్బీ మోకాళ్ళ మీద కూర్చుని చూసి తల ఊపితేనే ముందుకు కదిలాం. రాజ్‌బీర్ తిడుతూనే, ఎక్కడా వెంట్రుకవాసి తేడా రానివ్వకుండా చేశాడు.

చివరి మూల స్తంభం దగ్గర గుండు రోడ్డు మధ్యకు దిగింది. అక్కడ మలుపు కోసమని తాడును, రోడ్డు మీదికి చాచి ఉన్న దీపం చేతికి కట్టారు. దాని కింద గొట్టం నిలపాలంటే నడిరోడ్డులో నిలపాలి. లేదంటే పైన తాడునే జరపాలి, దానికి మామూలు నిచ్చెన అందదు, హైడ్రాలిక్ నిచ్చెన బండి కావాలి. బండి రెండు సెక్టార్ల అవతల ఉంది. పిలిపించాం. శుక్రవారం సాయంత్రం గురుగ్రామ్ రోడ్ల సంగతి తెలిసినవాళ్ళకు వేరే చెప్పనక్కర్లేదు. డ్రైవరు ప్రతిసారీ ‘బస్, పహుంచ్ గయా’, ఇదిగో వచ్చేశా అంటున్నాడు, అక్కడే ఉన్నాడు.

రబ్బీ గడియారం చూసుకుని, ఇక సమయం లేదు, ఈ తర్వాత చేసినా ఈ వారానికి పనికిరాదు, మా కోసం ఎవరూ పని చేయవద్దు అన్నాడు. రాజ్‌బీర్ చెయ్యి పట్టుకుని థాంక్యూ భయ్యా అన్నాడు. తర్వాత తామార్ ఉండే ఇంటి మెట్లెక్కాడు. మేం కింద రోడ్డు మీదే ఉన్నాం. పైనుంచి ఆమె గొంతు వినిపించింది. భాష తెలియకపోయినా తిడుతోందని తెలుస్తోంది. ఆయన గొంతు వినబడలేదు. తిరుపతి నేల చూపులు చూస్తూ, “ఠీక్ హై అంటె ఏం పోతుండె సార్” అన్నాడు. నేనూ అదే అనుకుంటున్నాను.

శనివారం మాకు సెలవు. మూల స్తంభం చూసి వస్తానని ఇంట్లో చెప్పి మెట్రో ఎక్కాను. నిజానికి అక్కడ చూడడానికేమీ లేదు. నేను వెళ్ళేసరికి రబ్బీ తన ఇంట్లోంచి బయటికొస్తున్నాడు. వారం వారం ప్రార్థన జరిగేది ఆయన ఇంటి కింది గదిలోనే. ఆ రోజు ఆ గదికి తాళం వేసి ఉంది. నల్ల చారల తెల్లని శాలువా భుజాల మీద కప్పుకుని ఆయన వీధిలోకి నడిచాడు. పక్క సందుల్లోంచి ఒక్కొక్కరే వచ్చి కలిశారు. ఒక్కరి చేతిలోనూ ఏమీ లేదు, పుస్తకం కూడా లేదు. అందరూ కలిసి తామార్ ఇంటి మెట్లెక్కారు. కాసేపటికి రెండో అంతస్తు బాల్కనీలోంచి పాట మొదలైంది. రాగం కుదరలేదు, ఎవరి రాగం వారిదే. మధ్యలో ఇద్దరు పసివాళ్ళ ఏడుపు. కింద ఇస్త్రీ బండివాడు పెట్టె పక్కన పెట్టి పైకి చూశాడు.

సోమవారం తాడు జరపడానికి వెళ్ళినప్పుడు నోయమ్ కలిసి మిగతాది చెప్పాడు. వాళ్ళ ధర్మగ్రంథపు చుట్టను కూడా వీధిలో మోయకూడదు కాబట్టి ఆ రోజు పఠనం లేకుండానే ప్రార్థన చేశారట. శుక్రవారం సాయంత్రం రబ్బీ చెప్పబోయేసరికి తామార్ పిల్లలకు కొత్తబట్టలు వేసి సిద్ధంగా ఉందట. ఆమె తిట్టినదంతా నిలబడి విని, నువ్వు రాలేవు కాబట్టి రేపు మేమే వస్తాం అన్నాడట. టిక్కెట్టు ఏమైందని అడిగాను. ఒక వారం తర్వాతికి జరిపిందట. ఎందుకు జరిపావంటే, చెల్లనిదాన్ని చెల్లదన్నాడు కదా, చెల్లుతుందని ఎప్పుడంటాడో చూసి వెళతాను అందట.

ఆ శుక్రవారం మధ్యాహ్నానికే పని పూర్తయింది. రబ్బీ చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మూల స్తంభం దగ్గర గుండు ఆగేదాకా చూసి, నా వైపు తిరిగి తల ఊపాడు. రాజ్‌బీర్ నాకన్నా ముందే అర్థం చేసుకుని బీడీ వెలిగించుకున్నాడు.

మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఇంట్లో సాకు చెప్పలేదు. తామార్ జంట బండిలో పిల్లల్ని తోసుకుంటూ వీధి మధ్యలో నడుస్తోంది. మొహం నవ్వుతూ ఏమీ లేదు. ఎండకు కళ్ళు చికిలించుకుని, చాలా రోజుల తర్వాత వీధి చూస్తున్న మనిషిలా అటూ ఇటూ చూస్తోంది. మూల దాకా వెళ్ళి, తల ఎత్తి తాడు చూసి, వెనక్కి తిరిగింది. ఆమె వెనక రబ్బీ ఇంటి తలుపు తెరుచుకుంది. రివ్కా చంకన ఏడాది పిల్లతో గడప మీద నిలబడి ఉంది. కాలు బయట పెట్టడానికి తామార్ కన్నా ఎక్కువసేపు తీసుకుంది.

నోయమ్‌ను అడిగితే చెప్పాడు. రబ్బీకి ఐదుగురు పిల్లలు, ఐదుగురూ ఢిల్లీకొచ్చాక పుట్టినవాళ్ళే. ఒకరు నడిచే వేళకు ఇంకొకరు చంకలో. ఇన్నేళ్ళలో ఆవిడ శనివారం నాడు వీధి చూసింది తక్కువ. నాకు ఒళ్ళు మండింది. తర్వాతి వారం రబ్బీ ఆఫీసుకొచ్చినప్పుడు, ఈ అర్జీ మీ ఆవిడ కోసం ముందే ఎందుకు పెట్టలేదని మొహం మీదే అడిగాను. నా ఇంటి కోసం ప్రభుత్వ స్తంభం అడగడం బాగుండదనుకున్నాను, రివ్కా కూడా అడగలేదు అన్నాడు. అడగదు, అది మీరు చూడవలసింది అన్నాను. దీన్ని గొప్పతనం అనాలో మొండితనం అనాలో నాకు ఇప్పటికీ తేలలేదు. మా ఆవిడను అడిగితే క్షణం ఆలోచించకుండా రెండోదే అంది.

తామార్ వెళ్ళలేదు. భర్త కాంట్రాక్టు ముగిసేదాకా ఉంది. అప్పటికి నేను రిటైరయ్యాను కాబట్టి వాళ్ళ తర్వాత పదోవాడు ఎవరో తెలియదు. నేనున్నంత కాలం మాత్రం రబ్బీ ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ నాలుగు వీధులూ తిరిగి తాడు చూసుకునేవాడు. ఈదురుగాలికి తెగిన వారాలు ఉన్నాయి. అప్పుడు సాయంత్రంలోగా కడితే సరే, లేకపోతే ఇంటింటికీ వెళ్ళి ఈ వారం లేదని చెప్పేవాడు. ఎవరూ ఆయనతో వాదించలేదట.

ఇప్పుడు మా మయూర్ విహార్ సొసైటీల్లో లిఫ్టుకు, జనరేటరుకు భద్రత సర్టిఫికెట్ కావాలంటే నన్ను పిలుస్తుంటారు. మొన్నామధ్య ఒక సెక్రెటరీ, రేపు మా ఫంక్షన్ ఉంది అంకుల్, ఎర్తింగు తర్వాత చేయిస్తాం, ఈసారికి సంతకం పెట్టెయ్యండి అన్నాడు. పెట్టలేదు. చాదస్తం అనుకుంటూ వెళ్ళాడు. ఆ శుక్రవారం రబ్బీ ‘చెల్లదు’ అని ఉండకపోతే, మరుసటి వారం ఆయన తల ఊపినందుకు తామార్ బిడ్డలతో గడప దాటేది కాదు. తనిఖీ ఉద్యోగం గురించి నాకు తెలిసింది ఇంతే. ఇది నేర్పింది మా శాఖ మాన్యువల్ కాదు.